మా ఆయనకి ఎరువు ఆపిన వారం

ఆ కాలంలో నాకు తెలిసిన చదువు మామిడితోట ఒక్కటే. ఒంటిమీద కురుపు లేచినా, కడుపులో నొప్పి వచ్చినా, చెట్టుకి చేసేదే మనిషికీ చేస్తే సరిపోతుందని గట్టిగా నమ్మేదాన్ని. (ఇది రాసిపెడుతున్న మనవరాలు అప్పుడే నవ్వడం మొదలెట్టింది. ఆగవే, ఇంకా ఉంది.)

పెళ్లయిన రెండో ఏడు. ఆగిరిపల్లి దగ్గర ఒక తోటలో మా ఆయన కాపలా, నేనూ మా అత్తా కూలి. నీళ్ల కావడి కూడా ఆయనే మోసేవాడు. ఆ మోసే భుజంమీద మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉండేది. ఆ వేసవికి అది రేగిపండంత అయి, పైన చిట్లి, రసి కారడం మొదలెట్టింది. కోతకొచ్చిన ఆడవాళ్లు చూసి "రాచపుండేమోనే" అని గొంతు తగ్గించి అన్నారు. క్యాన్సర్ అనే మాట అప్పటికి మా చెవిన పడలేదు. రాచపుండంటే మాత్రం మనిషి దక్కడని తెలుసు. మా అత్త బుట్టలో కాయలు సర్దుతూనే, "మనకెందుకొస్తదే రాచపుండు? మనమేవన్నా జమీందార్లమా?" అంది. ఆ మాటతో ఒక పూట నిజంగానే ధైర్యంగా ఉన్నాను. లేనితనం ఒక్కదానికన్నా పనికొచ్చిందనుకున్నాను.

మర్నాడు అత్త మైలవరంలో కూతురింటికి వెళ్లింది, నేను ఆయన్ని బస్సెక్కించి నూజివీడు తీసుకెళ్లాను. డాక్టరుగారు ఆ మచ్చని కోసేసి కుట్లు వేశారు. ముక్కని పెద్దాసుపత్రికి పరీక్షకి పంపుతామనీ, మూడు వారాలకి కబురొస్తుందనీ చెప్పారు. "మళ్లీ పెరుగుద్దా అండీ?" అనడిగాను. ఆయన మా బట్టలమీది మామిడిసొన మరకలు చూసి, మాకర్థమయ్యేలా చెప్పాలనుకున్నట్టున్నారు. "చెడ్డదైతే పెరగొచ్చమ్మా. అలాంటివాటికి ఒంట్లోనుంచే ఏదో ఎరువు అందుతుంటుంది. అది అందినంతకాలం ఆగవు" అన్నారు. ఆయన తప్పేం లేదు. ఎరువనే మాట తోటమనిషితో అనకూడదు, అంతే.

ఇంటికి రాగానే ఎరువు ఆపేశాను. నెయ్యి, పప్పు, పెరుగు, చేపలు అన్నీ బంద్ (ఉన్నవే తక్కువ). తాగే నీళ్లు కూడా సగం చెంబే. పొద్దున గంజి, సాయంత్రం గంజి.

"ఏంటే ఇది?"

"నీకు ఎరువు ఆపాను."

"నాకా, దానికా?"

"రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి గదయ్యా."

వారం తిరిగేసరికి ఆయన నడుంమీద పంచె నిలవడం మానేసింది. అప్పుడు మా అత్త తిరిగొచ్చి, కొడుకుని చూసి, నేను చెప్పిందంతా వింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, బెదిరిపోయింది. "ఓసి పిచ్చిదానా, మామిడికి నీళ్లాపేది ఎందుకే? పూత రావడానిక్కదా. వాణ్ణిట్టా ఎండగట్టావంటే ఒళ్లంతా పూస్తాడు."

తోటలో పుట్టి పెరిగి ఆ సంగతి తట్టనందుకు సిగ్గేసింది. ఆ పూటే పప్పు వండి, బిందె పక్కన పెట్టి తాగమన్నాను. అప్పట్నుంచి తెల్లారగానే ఆయన్ని వాకిట్లో నిలబెట్టి, మొగ్గలేమన్నా వేశాయేమోనని ఒకవైపు నేను, ఒకవైపు అత్త వెతికేవాళ్లం. "నన్ను మనిషిగా ఉంచుతారా, కాపుకి తెస్తారా?" అనేవాడు.

మూడు వారాలకి డాక్టరుగారు చీటీ చూసి, "రాచపుండు కాదమ్మా. ఉత్త పుట్టుమచ్చే, కావడి రాపిడికి రేగింది" అన్నారు. తర్వాత మా ఆయన్ని పైకీ కిందికీ చూసి, "ఇలా చిక్కిపోయాడేం?" అన్నారు. చెప్పాను. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ ఎరువు తిండిలోది కాదమ్మా, ఒళ్లే తయారుచేసుకునేది. దాని సంగతి మాకే ఇంకా సరిగ్గా తెలీదు."

"తెలీనప్పుడు ఎందుకు చెప్పారండీ?" అన్నాను. నా నోరు అలాంటిది. "నిజమే" అన్నారాయన.

బయటికి రాగానే మా ఆయన తిన్నగా హోటల్లోకి నడిచాడు. ఎదురుగా కూర్చుని నేను ఏడుస్తుంటే, ఇడ్లీ నములుతూనే "ఇప్పుడు దేనికే?" అన్నాడు. నా ఇడ్లీ కూడా ఆయన వైపు జరిపాను.

ఇప్పుడు ఆ ఎరువులు కొన్నిటికి పేర్లు కూడా పెట్టారట, వాటిని అడ్డుకునే మందులొచ్చాయట, మనవరాలు చెబుతోంది. అయితే నా ఆలోచన మంచిదే, చోటు తప్పిందంతే. మా ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, ఒకరోజు పొద్దున్నే గుండె ఆగి పోయాడు. ఏం ఆపాలో, ఏం పెట్టాలో ఆలోచించే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆనాటి ఆ తిక్కపిల్ల ఇప్పుడు ఎదురుపడితే తిట్టను, కూర్చోబెట్టి అన్నం పెడతాను. ఆయన ముందు తినబుద్ధికాక, ఆ వారమంతా ఆ పిల్ల కూడా గంజే తాగింది. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.