లైబ్రరీ దాకా తొవ్వ

కళ్యాణిని చూసి ఎవరైనా "అయ్యో పాపం" అన్నారంటే వాళ్ల పని అయిపోయినట్టే. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది, ఇనుప పట్టీల బూటు లేనిదే నిలబడదు. నోటికి మాత్రం ఏ పట్టీలూ లేవు. ఎల్లారెడ్డిలో తల్లి పోచవ్వ బీడీలు చుట్టి ఆమెను చదివించింది. ఆ చదువుతో, అంతకంటే ఎక్కువ మొండితనంతో, కామారెడ్డి ఊరి చివరనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో లైబ్రరీ కొలువు సంపాదించింది.

ఆ లైబ్రరీ అంటే ఆమెకు ప్రాణం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కిటికీల పక్క కుర్చీల కోసం కొట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడి తీర్పు చెప్పేది ఆమే. పుస్తకం మడతపెట్టిన వాడికి చీవాట్లు, ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తెచ్చిన వాడికీ చీవాట్లే. స్వీట్లు మాత్రం తీసుకునేది.

చిక్కంతా అక్కడికి చేరడంలోనే ఉంది. ఆ క్యాంపస్ గీసిన మహానుభావుడెవరో గానీ, మనుషులు నడుస్తారన్న సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. గేటు నుంచి లైబ్రరీ దాకా ఒకటే తారురోడ్డు, దాని మీద బైకులూ కార్లూ. పక్కకు దిగితే కంకర, సర్కారు తుమ్మ ముళ్లు. నడుమ మురుగు పారే మోరీ మీద పగిలిన బండలు. కళ్యాణి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మీద ఎల్లారెడ్డి బస్సులో వచ్చి, గేటు దగ్గర దిగి, ఎవరైనా బండి ఆపుతారేమోనని చూసేది. ఆపితే ఎక్కేది. అలా ఎక్కిన ప్రతిసారీ లోపల చిన్నబోయేది.

ఆ వానాకాలం ఒక రోజు బండి ఎవరూ ఆపలేదు. నడుస్తుంటే వెనక హారన్ మోగింది. తప్పుకోబోయి మోరీ దగ్గర పడింది. చెయ్యి గీరుకుపోయింది, చీర బురదయింది. ఆఫీసు సూపరింటెండెంట్ బాలరాజు పరుగున వచ్చి లేపాడు. మెత్తటి మనిషి, పాపం. మెత్తటివాళ్లతోనే వస్తుంది చిక్కు.

"కళ్యాణమ్మా, దసరా సెలవులు కాంగనే నిన్ను గేటు పక్క ఆఫీసుల ఏస్తున్నం. బస్సు దిగుడు, కుర్చీల కూసునుడు. నడిచే బాధ ఉండదు" అన్నాడు సంబరంగా.

"నా కాలు ఇయ్యాల కొత్తగ ఖరాబైందా సార్? ఖరాబైంది తొవ్వ. దాన్ని ఇడిసిపెట్టి నన్నెందుకు మారుస్తున్నరు?"

బాలరాజు తల గోక్కున్నాడు. "తొవ్వ మన చేతుల లేదమ్మా. నువ్వంటే ఉన్నవ్."

ఇంటికెళ్లి కళ్యాణి వెక్కివెక్కి ఏడ్చింది. "కూసున్న కాడ కొలువే గదా బిడ్డా" అని పోచవ్వ బుజ్జగించబోయి, కూతురి చూపు చూసి బీడీల చాట ముందుకు లాక్కుంది.

సెలవులకు ముందు రోజు క్యాంపస్‌లో బతుకమ్మ. పాట అయ్యాక బతుకమ్మలన్నిటినీ ట్రాలీ ఆటోలో ఎక్కించి లైబ్రరీ వెనకాల కుంటకు పంపడం అక్కడి రివాజు. ఎవరి బతుకమ్మ ఎత్తు అన్న పంతం డిపార్ట్‌మెంట్ల మధ్య ఎప్పుడూ ఉండేదే. ఈసారి అది హద్దు దాటింది. గునుగు పూల మీద తంగేడు, తంగేడు మీద బంతి, పేర్చినకొద్దీ పేర్చి మనిషెత్తులో సగం చేశారు. ఎంత ఎత్తు పేర్చాలో చూసుకున్నారు గానీ ఎట్లా తీసుకుపోవాలో చూసుకోలేదు. ఆటో కదిలి మొదటి గుంతలో పడగానే అన్నిటికంటే పెద్ద బతుకమ్మ పక్కకు ఒరిగింది. ఆడవాళ్లంతా కెవ్వుమన్నారు.

"దించుండ్రి! తల మీద పెట్టుకొని పోదాం" అంది ప్రిన్సిపాల్ నిహారిక మేడం. ఆ పెద్ద బతుకమ్మను ఆమే ఎత్తుకుంది.

కళ్యాణి పక్కన నడిచింది. చిన్నప్పటి నుంచీ ఆమె బతుకమ్మ పక్కన నడిచిందే తప్ప ఎత్తుకున్నది లేదు. "నీది గూడ నేనే ఎత్తుకుంట బిడ్డా" అని పోచవ్వ ఏటా మోసేది.

కొంత దూరం పోగానే పాటలు ఆగిపోయాయి. తల మీద తాంబాలం ఉంటే మెడ వంచరాదు, కాళ్ల కింద ఏముందో కనిపించదు. పట్టుచీరలు ముళ్లకు పట్టుకున్నాయి. వెనక నుంచి హారన్లు. మోరీ దగ్గర మేడం అడుగు తడబడింది. ఒక చేత్తో గబుక్కున కళ్యాణి భుజం పట్టుకుంది.

"కళ్యాణీ, కిందికి చూడొస్తలేదు. భయమైతుంది."

"నాకు రోజూ గిట్లనే మేడం" అంది కళ్యాణి. గొంతులో కోపం లేదు. "మెల్లగ రాండ్రి, నేనున్న."

మోరీ దాటేదాకా మేడం ఆ భుజం వదల్లేదు. కుంట గట్టు మీద బతుకమ్మను దించాక బాలరాజును పిలిచింది.

"సార్, కళ్యాణి లైబ్రరీలనే ఉంటది."

"మరి ఎట్ల వస్తది మేడం?"

"నడిచి వస్తది. తొవ్వ చేద్దాం."

చెప్పినంత సులువుగా కాలేదు. బండ్లన్నీ గేటు దగ్గరే ఆపాలనేసరికి పిల్లలు గొణిగారు, కారు దిగి నడవాల్నా అని లెక్చరర్లు అంతకంటే గట్టిగా గొణిగారు. మేడం తన కారును అందరికంటే ముందు గేటు దగ్గర ఆపి నడిచింది. ఇంకేమంటారు? కంకర పోయి చదును తొవ్వ వచ్చింది, మోరీ మీద మెట్టు లేని వాలు వచ్చింది. అటూ ఇటూ కానుగ మొక్కలు నాటించిన బాలరాజు వాటికి నీళ్లు పోస్తూ, ఈ ఆలోచన మొదట తనదేనని అందరికీ చెప్పుకున్నాడు. కళ్యాణి కాదనలేదు. ఆమె ఇప్పుడు బస్సు దిగి ఎవరి బండి కోసమూ చూడటం లేదు. కొత్తలో కొన్నాళ్లు పని లేకున్నా గేటు దాకా వెళ్లి వచ్చేది, ఊరికే, నడవడం బాగుందని.

మరుసటి ఏడు బతుకమ్మకు పోచవ్వను ఎల్లారెడ్డి నుంచి తీసుకొచ్చింది. లైబ్రరీ బతుకమ్మను తానే పేర్చి, తాంబాలం తానే ఎత్తుకుంది.

"వద్దు బిడ్డా, నేనెత్తుకుంట!"

"ఇన్నేండ్లు ఎత్తుకున్నవ్ గదా అవ్వా. ఇగ నువ్వు పాడు."

కళ్యాణి నడిచింది. బూటు పట్టీలు టకటకమంటున్నాయి. పోచవ్వ రెండు చేతులూ చాచి, పడితే పట్టుకుందామని వెనకే నడిచింది. మోరీ వచ్చింది, మోరీ వెళ్లిపోయింది. కానుగ మొక్కల మధ్యకు వచ్చేసరికి పోచవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చాచిన చేతులు దగ్గరికి తెచ్చి పాటకు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

కుంట దాకా కళ్యాణి ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.