ఓవర్‌లోడ్ కూత

కడపలో యూపీఎస్‌లు బాగుచేసే పనిలో ఉన్న రోజుల్లో నాకు కోకిల కూసినా చిరాకుగా ఉండేది. రెండువేల సంవత్సరం దాటాక ప్రతి ఆఫీసులోకీ, ప్రతి జిరాక్సు అంగడిలోకీ ఒక యూపీఎస్, దాని పక్కన నాలుగు బ్యాటరీలు వచ్చి చేరాయి. కరెంటు మాత్రం చుట్టంచూపుగానే వచ్చిపోయేది. యూపీఎస్ కూసిందంటే జనం మొదట దాని నెత్తిన ఒక దెబ్బ వేస్తారు. ఆ తర్వాత నాకు ఫోన్ చేసి తిడతారు. కొట్టేముందు అది ఎట్లా కూస్తోందో వినండయ్యా, దాని రోగం అదే చెప్తుంది అని నేనూ తిరిగి తిట్టేవాణ్ణి. ఆగి ఆగి కూస్తే కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తోందని అర్థం. ఆ కూతను మీట నొక్కి ఆపుకోవచ్చు. ఆగకుండా ఒకటే కూస్తే ఏదో లోపం ఉందని, లేదా మోయలేని బరువు పెట్టారని. ఆ మీట నొక్కినా ఆ కూత ఆగదు.

ఇంతమందికి ఇన్ని చెప్పినవాణ్ణి, బద్వేలులో మా అక్కవాళ్ల ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం ఎట్లా కూస్తోందో అడగడం కూడా మరిచి పరుగెత్తేవాణ్ణి. మా బావది ఎండుమిరపకాయల వ్యాపారం. ఏళ్ల తరబడి ఆ ఘాటులో, దుమ్ములో కూర్చుని ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాల్సిందేనని డాక్టర్లు చెప్పారు. అది మంచం పక్కన గుర్రుమని నడుస్తుంటే, గొట్టం ముక్కుకు పెట్టుకుని బావ కూర్చునేవాడు. అది ఆగిందంటే కాసేపటికే ఆయన పెదాలు నల్లబడేవి. అందుకని నేనే ఒక యూపీఎస్ తెచ్చి, దాని పక్కన నాలుగు పెద్ద బ్యాటరీలు పెట్టి, మధ్యాహ్నం కరెంటు కోతంతా గడిచేటట్టు చేశాను.

"నా పానం బామ్మర్ది చేతిలో పెట్టినారు. ఇంగ పోయినట్టే" అన్నాడు బావ ఆరోజు. ఆయన మాట ఎప్పుడూ అంతే. మా అక్కను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. దగ్గితే ఆమె రావాలి. కూర బాగుంటే మాట్లాడకుండా తినేవాడు, బాగాలేకపోతే మాట్లాడేవాడు.

మొదటిసారి అక్క ఫోన్ చేసి, "అబ్బీ, ఒగటే కూస్తాండాది, ఆగేల్యా" అంది. ఉన్నపళంగా బస్సెక్కి పోయాను. బ్యాటరీలు చూసి నాకు ఒళ్లు మండింది. నాలుగింటికీ పసుపు, వైర్లు బిగించే ప్రతి కొన మీదా తడి కుంకుమ, పైన కనకాంబరాలు. ఆ తడికి కొనలు తుప్పు పట్టి, తెల్లగా పచ్చగా పొంగి ఉన్నాయి. అంగట్లో శుక్రవారం తక్కెడకు, గల్లాపెట్టెకు బొట్టు పెట్టినట్టే, ఆమె ప్రతి శుక్రవారం వీటినీ తడిబట్టతో తుడిచి బొట్టు పెడుతోంది.

"ఇది బ్యాటరీనా, గడపనా అక్కా?" అని అరిచాను.

"గల్లాపెట్టెకే పెడతామే. మీ బావ పానం కాపాడేదానికి పెట్టకుంటే ఎట్లప్పా?" అంది అక్క.

వేడినీళ్లు, వంటసోడా పోసి కొనలన్నీ కడిగి ఆరబెట్టి, వ్యాజలైన్ పూసి బిగించాను. బొట్టు పెట్టాలనుంటే కింది చెక్క బల్లకు పెట్టుకో, వీటి జోలికి రావద్దని గట్టిగా చెప్పాను. ఆమె సరేనంది గానీ ముఖం చిన్నబోయింది.

ఆ ఎండాకాలంలో మళ్లీ కూత మొదలైంది. మధ్యాహ్నం పూట ఒక్కసారిగా కూసి ఆగిపోయేది. అక్క పరుగెత్తుకొచ్చేసరికి ఏమీ ఉండేది కాదు. నేను పోయి బ్యాటరీలు చూశాను, వైర్లు చూశాను, ఫ్యూజు మార్చాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఏ లోపమూ దొరకని యంత్రం మీద వచ్చినంత కోపం నాకు మనుషుల మీద కూడా రాదు. అప్పుడంతా బావ మంచం మీద నుంచి నన్నే చూస్తుండేవాడు.

ఒకరోజు బద్వేలులో వేరే పని పడి, చెప్పకుండానే వాళ్లింటికి పోయాను. కరెంటు లేదు. యూపీఎస్ ఏకధాటిగా కూస్తోంది, ఓవర్‌లోడ్ ఎర్రదీపం వెలుగుతోంది. అక్క పెరట్లో గిన్నెలు తోముతోంది. మంచం అంచున కూర్చున్న బావ, కూలర్ ప్లగ్గును యూపీఎస్ బోర్డులో పెట్టి పట్టుబడ్డ దొంగలా నన్ను చూశాడు. నేను ప్లగ్గు పీకేయగానే కూత ఆగింది.

"ఇప్పుడొచ్చి ఈడ కింద పండుకుంటాది" అన్నాడు పెరటి వైపు చూస్తూ, ఆయాసపడుతూ. "పొయ్యికాడ ఉడికి వస్తాది, ఈడా ఉడకడమే. ఆలోపల కొంచెం చల్లబడనీ అని."

"చిన్న ఫ్యాను తెచ్చిస్తా బావా, దాన్ని మోస్తాది."

"ఫ్యాను వేడిగాలే కదప్పా కొట్టేది."

"ఆ రెండింటినీ ఇది మోయలేదు. నీ మిషనన్నా నడవాల, కూలరన్నా నడవాల."

"అంతేనా" అన్నాడు. బేరం ఎక్కడ తెగుతుందో తెలిసిన వ్యాపారిలా తలాడించాడు. "మీ అక్కకు చెప్పాకు" అని గొంతు తగ్గించి అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయన నోట అక్క గురించి ఒక మెత్తటి మాట విన్నానని నాకు సంతోషం వేసింది. పెద్ద యూపీఎస్ చూసి తెస్తానని చెప్పి వచ్చేశాను.

అది తెచ్చేలోపే బావ పోయాడు. మధ్యాహ్నం పోయాడు. నేను చేరేసరికి పొద్దు వాలింది, కరెంటు వచ్చింది, ఇల్లంతా జనం. యంత్రం మోసం చేసిందని చుట్టాలు అనుకుంటున్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని, "నా బొట్టే తీసిందప్పా ఆయన్ను" అంది. "నువ్వు వద్దన్యావు. నాకు మనసు ఒప్పక మొన్న శుక్రారం మళ్లీ పెట్టినా. ఒక్క చుక్కే పెట్టినా."

నేను ఆ గదిలోకి పోయాను. ఒక బ్యాటరీ కొన మీద ఎండిన కుంకుమ చుక్క ఉన్నమాట నిజమే. దానివల్ల ఏమీ కాలేదు. ఇంటి మెయిన్ ఆపి, బ్యాటరీ మీద ఆక్సిజన్ మిషన్ తగిలించి చూశాను. చక్కగా నడిచింది. పీల్చేవాడు లేని గొట్టంలోంచి గాలి వస్తుంటే చూడలేక నేనే ఆపేశాను. నేను తగిలించకముందు దాని ప్లగ్గు మంచం మీద పడి ఉంది. బోర్డులో దాని చోట కూలర్ ప్లగ్గు ఉంది. ఆగి ఆగి వచ్చే కూతను ఆపే మీట నొక్కి ఉంది. నాకు అంతా అర్థమై, ఆ బ్యాటరీల పక్కనే కూలబడి ఏడ్చాను.

చెప్పాలా వద్దా అని కర్మాంతరాలు అయ్యేదాకా కొట్టుకులాడాను. చెప్పొద్దన్నాడు ఆయన. చెప్పకపోతే అక్క తన చేత్తోనే మొగుణ్ణి చంపుకున్నాననుకుంటూ బతకాలి. అప్పటికే ఆమె అన్నం మానేసింది, వచ్చినవాళ్లందరికీ అదే మాట చెబుతోంది. చివరికి ఒక ఉదయం, అందరూ వెళ్లిపోయాక, ఉన్నదున్నట్టు చెప్పాను. నీ బొట్టు వల్ల కాదక్కా, నువ్వు చల్లగా నిద్రపోవాలని మిషన్ తీసి కూలర్ పెట్టినాడు అన్నాను. కొంచెమైనా గుండె తేలికపడుతుందనుకున్నాను.

అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నేను నిద్రపోతాంటినని ఎవరన్యారప్పా" అంది. "మేలుకోనుంటే ఆయన మాట్లాడతాడు. మాట్లాడితే దమ్ము ఎక్కువైతాది. అందుకని రోజూ ఊరికే కండ్లు మూసుకోని పండుకుంటాంటి. ఆ పొద్దు చల్లగాలి తగిల్తే కరెంటొచ్చిందిలే అనుకున్యా. ఆ కూలర్ మోతలో మిషన్ నడస్తాందో లేదో ఇంగేం ఇనపడుతాది. ఆయన మంచం పట్టినాక నాకు నిజంగా నిద్ర పట్టింది ఆ పొద్దు ఒక్కనాడే."