మంగళవారం ఉప్పు

నేను బౌద్ధ గుహల యాత్రకు వెళ్లింది బుద్ధుడి మీద భక్తితో కాదు, వంట చెయ్యడానికి. అదీ ముక్కూ నాలుకా పనిచెయ్యని వంటమనిషిగా. ఈ రెండో సంగతి అప్పట్లో నాకూ మా ఆయనకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇప్పుడు చెబుతున్నది ఆ ముప్పై మంది యాత్రికులూ నన్ను క్షమిస్తారని కాదు. ఇక దాచడం నా వల్ల కావడం లేదు, అంతే.

మాది సిరిసిల్ల వైపు. పెళ్లయిన ఏడాదే సూరత్ వచ్చాం. మా ఆయన ఉధ్నాలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, ఇరవై ఏళ్లు పనిచేశాడు. నేను పదిహేనేళ్లు ఆ సాంచెల మనుషులకు అన్నం డబ్బాలు కట్టాను. మొదటి లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయాయి. చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. మేం ఉండిపోయాం, కొంత ధైర్యం కొద్దీ, ఎక్కువ బద్ధకం కొద్దీ. అవి మళ్లీ ఎప్పుడు తిరుగుతాయోనని గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, ముందు గదిలో నాలుగు బల్లలు వేసి మెస్సు పెట్టాం. పప్పు, పచ్చిపులుసు, ఒక కూర, ఆదివారం ఇడ్లీ. ఇడ్లీకి తెలుగువాళ్లకంటే గుజరాతీలే ముందొచ్చి వరస కట్టేవాళ్లు.

కరోనా రెండో అలలో ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. ఇద్దరం లేచాం. అదే చాలనుకున్నాం. వారం తర్వాత ఒక పొద్దున పొయ్యి మీద తాలింపు పెట్టి, ఇటు తిరిగి కూరగాయలు తరుగుతుంటే, పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి మూకుడు మాడిపోతోందని అరిచింది. వెనక్కి తిరిగి చూస్తే పొగ. నాకు తెలియనే లేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కులో దూర్చుకున్నాను. ఏమీ లేదు. ఆవకాయ ముక్క నోట్లో వేసుకున్నాను. తడిగుడ్డ నమిలినట్టుంది. అప్పుడు కూర్చుని ఏడ్చాను. చెయ్యి విరిగినా రెండో చేత్తో వండేదాన్ని. రుచి పోయాక నేను దేనికి పనికొస్తాను?

ఎవరికి చెప్పుకోను? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఆ రోజుల్లో వాసన తెలియదంటే ఒంట్లో ఇంకా రోగముందనే లెక్క. పొద్దున నోరు జారితే మధ్యాహ్నానికి ఉధ్నా అంతా తెలుస్తుంది, సాయంత్రానికి నాలుగు బల్లలూ ఖాళీ అవుతాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే, తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. ఈమాత్రం చెప్పడానికి డాక్టరెందుకు, చిలకజోస్యం వాడు చాలడా?

ఉపాయం మా ఆయనే చెప్పాడు. చెయ్యి నాదట, నాలుక తనదట. అప్పట్నుంచీ ఏది వండినా గరిటెలో కాస్త చల్లార్చి ఆయన నోటికి అందించడం, ఆయన కళ్లు మూసుకుని చప్పరించి తీర్పు చెప్పడం. ఎక్కువగా "బరాబరుంది" అనేవాడు. ఎప్పుడైనా "జర ఉప్పు పడాలె" అనేవాడు. ఇరవై ఏళ్ల కాపురంలో కూర బాగుందనీ బాగాలేదనీ అనని మనిషి జడ్జిగారైపోయాడు. నేను మాత్రం ఆ మాట కోసం నోరు తెరుచుకుని చూసేదాన్ని. మెస్సు నడిచింది. ఎవరూ వంక పెట్టలేదు. ఒక్కోరోజు, ముఖ్యంగా మంగళవారాల్లో, మంచినీళ్ల క్యాన్లు భోజనాలు సగంలో ఉండగానే ఖాళీ అయ్యేవి. సూరత్ ఎండలు కదా, తాగుతారు పాపం అనుకున్నాను. వానాకాలంలోనూ అయిపోయాయి. అయినా నా బుర్రకు తట్టలేదు.

చలి మొదలయ్యాక మా ఆదివారం ఇడ్లీ గిరాకీల్లో ఒకాయన వచ్చాడు. రిటైరైన చరిత్ర మాస్టారు, కతర్‌గామ్‌లో ఉంటాడు. ఏటా ఒక బస్సెడు మందిని ప్రాచీన బౌద్ధ గుహలు చూపించడానికి తీసుకెళ్తాడు. గుజరాతీల యాత్రంటే వంటిల్లు కూడా బస్సెక్కాల్సిందే. గ్యాసు బండ, పొయ్యిలు, పిండి బస్తా, ఊరగాయ జాడీలు అన్నీ డిక్కీలో ఉంటాయి. మోక్షం వచ్చేదైనా సరే, ఇంటి భోజనం అయ్యాకే రావాలి. ఆయన వంటవాడు రాజస్థాన్‌లో సొంతూరికి పోయి తిరిగి రాలేదట. ఈసారి మేం రావాలని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఒప్పేసుకున్నాడు.

మాస్టారు అటు వెళ్లగానే ఈయన మీద విరుచుకుపడ్డాను. "ఏందయ్యా, నీకు మతిగిట్ల పోయిందా? ముప్పై మందికి వండాలె. దొరికిపోతే?"

"గాలి మారితే ముక్కు వస్తదంటున్నరు," అన్నాడు. "జర పోయి చూద్దాం."

ఎవరన్నారో చెప్పలేదు. కానీ ఆ ఒక్క మాటకే నేను మెత్తబడ్డాను. ముక్కు వస్తుందంటే నేను లంకకైనా వెళ్లేదాన్ని.

ఆదివారం తెల్లవారాక హజీరాలో మా బస్సు ఓడెక్కింది. అవతలి ఒడ్డున ఘోఘా, అక్కణ్ణుంచి సౌరాష్ట్ర. ఎక్కేముందు మాస్టారు అందరి టీకా కాగితాలూ చూశాడు, నుదుటికి జ్వరం తుపాకి పెట్టాడు, చేతుల మీదా సంచుల మీదా ఆఖరికి నా అప్పడాల కర్ర మీదా శానిటైజర్ కొట్టాడు. రెండు మాస్కులు పెట్టుకుని మైకులో మాట్లాడుతుంటే ఎవరికీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. అందరూ భక్తిగా తలలూపారు. నా పక్కన ఎనభై ఏళ్ల ముసలమ్మ కూర్చుంది. అందరూ బా, అంటే అమ్మా, అని పిలిచేవాళ్లు. ఆవిడకు మోకాళ్లు లేవు, చూపు సగమే ఉంది, ముక్కు మాత్రం పదహారేళ్లది. కూర్చున్న చోటి నుంచే ముందు సీటువాళ్ల డబ్బాలో తెప్లాలు, అంటే మెంతి రొట్టెలు, ఉన్నాయనీ, మూడు రోజులనాటివనీ చెప్పింది. ఈ ముక్కు ముందు నేను దొరికిపోవడం ఖాయమనుకున్నాను.

ఆ రాత్రి భావ్‌నగర్ ధర్మశాలలో అన్నం, పప్పు చేశాను. గరిటె అందించాను. బరాబరుంది అన్నాడు. యాత్రికులు కూడా లొట్టలేశారు, పప్పులో కాస్త బెల్లం ఉంటే ఇంకా బాగుంటుందని మాత్రం కోరారు. పప్పులో బెల్లం! రుచి తెలిసుంటే చచ్చినా వెయ్యకపోదును. తెలియదు కనక పిడికెడు వేశాను.

సోమవారం పొద్దున టీకి పాలు కాస్తూ, వాసన చూడమని మా ఆయనకు చెప్పాను. గిన్నె మీదికి వంగి, బరాబరున్నయి అన్నాడు. బా అటుగా పోతూ ఆగింది. పాలు చెడిపోయాయి, పారబొయ్యండి అంది. పొయ్యి పెంచగానే విరిగాయి. నేను ఈయన్ని గుచ్చి గుచ్చి చూశాను. చలికి ముక్కు పట్టేసిందని గొణిగాడు. ఈ మగవాళ్లకు ఏ పనీ శ్రద్ధగా చెయ్యడం రాదని తిట్టుకుని ఊరుకున్నాను. గాడిదకేం తెలుసు గంధం వాసన అని పైకే అనేశాను. ఆయన గిన్నె ఎత్తుకుని విరిగిన పాలు పారబొయ్యడానికి వెళ్లాడు.

ఆ పగలు జునాగఢ్‌లో గిర్నార్ దారి మీద పెద్ద బండ చూశాం. యుద్ధం చేసి, మనసు విరిగి, బుద్ధుడి దారి పట్టిన చక్రవర్తి చెక్కించిన శాసనం అది. మాస్టారు చదివి చెప్పాడు. పూర్వం రాజుగారి వంటింట్లో కూరల కోసం రోజూ వేలకు వేల జీవాల్ని చంపేవారట, ఇప్పుడు రెండు నెమళ్లూ ఒక జింకా మాత్రమేనట, ముందు ముందు అవీ ఉండవట. అందరూ ఆహా అన్నారు. నాకు ఆ వంటవాడి మీద జాలేసింది. ఒక పొద్దున లేచేసరికి వంటిల్లంతా ఖాళీ. రాజు దయ రాతి మీదికెక్కింది, వంటవాడి బాధ ఎక్కడా ఎక్కలేదు. తర్వాత మాస్టారు తృష్ణ గురించి చెప్పాడు. భిక్షువులు అన్నిటికంటే ముందు నాలుక రుచిని వదిలేవారట. మాస్టారూ, నేను వదిలి ఏడు నెలలైంది, నాకు మోక్షం మెట్టు ఒక్కటీ కనబడలేదని అరవాలనిపించింది. నోరు మూసుకుని తెప్లాలు పంచాను.

మంగళవారం తిరుగుదారిలో తళాజా చేరాం. ఊరి పక్కనే కొండ, కొండ నడుముకి బౌద్ధ గుహలు. బస్సు కిందే ఆపి, నీడ చూసుకుని పొయ్యి పెట్టాం. పప్పు అయ్యాక గరిటె అందించాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు చప్పరించి, "జర ఉప్పు పడాలె," అన్నాడు. చారెడు వేసి కలిపాను. ఇంతలో బా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మూడు రోజులుగా నువ్వు గిన్నెలూ ఆ శాసనం బండా తప్ప ఏమీ చూడలేదు, ఒక్క గుహైనా చూడమంది. నిజానికి ఆవిడకు మెట్లెక్కడానికి ఒక భుజం కావాలి. పప్పు దగ్గర ఈయన్ని కూర్చోబెట్టి నేను భుజమయ్యాను.

ఎక్కేసరికి నాకే రొప్పు వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాను. మాస్టారు టార్చి వేసి, వానాకాలంలో భిక్షువులు ఇక్కడే ఉండేవారని చెబుతూ లోపలి గదిలోకి దారి తీశాడు. అందరూ వెనకే దూరారు. పైన ఏదో కదిలింది. నల్లగా రెపరెపలాడింది. గబ్బిలాలు. ఆ వెంటనే ముప్పై మందీ ఛీ ఛీ అంటూ, రెండేసి మాస్కుల మీద కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తారు. మోకాళ్లు లేని బా నాకంటే ముందు గుమ్మం దాటింది.

నేను కదల్లేదు. ఎందుకంటే నా ముక్కులో ఏదో గుచ్చుకుంది. మొదట నొప్పి అనుకున్నాను. ఇంకోసారి పీల్చాను. కుళ్లిన పండు, ఎండిన ఉచ్చ, తడిసిన బూజు, అన్నీ కలిపి ఏళ్ల తరబడి మగ్గబెట్టిన కంపు. కంపు! వాంతి రావాల్సినంత కంపు. నేను వెళ్లి ఆ చీకటి మధ్యలో నిలబడి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాను. వదిలి మళ్లీ పీల్చాను. కొన్నాళ్లుగా నాలుక చివర కారం చురుక్కుమంటోంది, భ్రమేమోనని ఎవరికీ చెప్పలేదు. భ్రమ కాదు. కన్నీళ్లు ధారలుగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

నేను రాలేదని మాస్టారు టార్చి పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. వెలుగు నా మొహం మీద పడింది. అందరూ పారిపోయిన చోట ఒకతె నిలబడి, కళ్లు మూసుకుని, నిదానంగా ఊపిరి పీలుస్తూ, ఏడుస్తూ, నవ్వుతోంది. ఆయన టార్చి దించేశాడు. రెండు చేతులూ జోడించి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచాడు. బయట ఎవరో ఏదో అడిగితే ష్ అన్నాడు. నేను బయటికొచ్చేసరికి అందరూ దారి ఇచ్చారు. బా నా తల నిమిరింది. నాకు వాళ్లతో మాట్లాడే తీరిక లేదు. శానిటైజరూ, ఎవరి జేబులోనో తంబాకూ, ఎండిన గడ్డీ, కింద బస్సు డీజిలూ, అన్నీ తోసుకుంటూ వస్తుంటే మెట్ల మీద పరుగెత్తాను.

మా ఆయన పప్పు దగ్గర అలాగే కూర్చుని ఉన్నాడు. "వచ్చింది," అన్నాను. ఏమొచ్చిందని అడగలేదు. లేచి నిలబడి, నా మొహం చూసి, మొహం అటు తిప్పుకున్నాడు. నేను గరిటె తీసుకుని, ఏడు నెలల తర్వాత నా వంట నేను రుచి చూశాను.

సముద్రం. ఘోఘా నుంచి హజీరా దాకా ఉన్న సముద్రమంతా ఆ గిన్నెలో ఉంది.

"గిది ఉప్పు తక్కువైన పప్పా?" అన్నాను.

ఆయన కాలి బొటనవేలితో మట్టి గీకాడు. "నాకు గూడ పోయింది," అన్నాడు. "నీ కన్న రెండు దినాల ముందే."

గరిటె కింద పెట్టేశాను. మరి ఇన్నాళ్లూ బరాబర్ అని ఎట్లా చెప్పినవని అడిగాను.

"పదిహేనేండ్ల సంది నీ చెయ్యి తప్పలే. ఇప్పుడెందుకు తప్పుతది?"

"మరి ఉప్పేంది?"

"రోజూ బరాబర్ అంటే నువ్వు నమ్మవు. అందుకే మంగళారం మంగళారం జర ఉప్పు అడిగిన."

మంగళవారం. మంచినీళ్ల క్యాన్లు. వానాకాలంలో కూడా. తిట్టాలని నోరు తెరిస్తే నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. నిన్న గాడిదన్నాను ఈ మనిషిని. ఈలోపు యాత్రికులు దిగి వచ్చేస్తున్నారు. వేడినీళ్లు పోశాను, బెల్లం వేశాను, నిమ్మకాయ పిండాను. పప్పు ఏమీ లొంగలేదు. అయినా ముప్పై మందీ కిక్కురుమనకుండా తిన్నారు. గుహలో అలా నిలబడిపోయిన మనిషి వండింది కదా, ఉప్పులోనూ ఏదో అర్థముందనుకున్నారు. మాస్టారు రెండోసారి కూడా వడ్డించుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంటూ మింగాడు. బా ఒక్కతే నన్ను ఓరకంట చూసి, చెంబెడు నీళ్లు తాగింది.

వాళ్లు చేతులు కడుక్కునేలోపు నేను మా ఆయన చెయ్యి పట్టుకుని కొండెక్కించాను. లోపలి గదిలో నిలబెట్టి, మాస్కు నేనే తీశాను. పీల్చు అన్నాను. పీల్చాడు. నేనూ పక్కనే నిలబడ్డాను.

"వాసన వస్తున్నదా? నిజం చెప్పు."

"రాలే," అన్నాడు. ఏడు నెలల్లో ఆయన నాకు చెప్పిన మొదటి నిజమైన తీర్పు అది. అంత పెద్ద మనిషి, చీకట్లో చిన్నపిల్లాడిలా, అది ఎట్లా ఉంటుందో చెప్పమన్నాడు. ఒక్కొక్కటీ చెప్పాను. పండు, ఉచ్చ, బూజు. ఏదీ దాచలేదు.

"గంత గలీజా?" అన్నాడు ఆశగా.

"గంత గలీజ్."

గుమ్మం వైపు తిరిగి అడిగాడు. "ఇగ నేను పప్పు చూసుడు అక్కర్లేదు గదా."

"చూడు," అన్నాను. "రోజూ చూడు. మంగళారం మాత్రం నోరు మూసుకో."

కింద బస్సు హారన్ కొడుతోంది. ఆయన సరేనని తలూపి, ఇంకోసారి గట్టిగా ఊపిరి పీల్చాడు.