సిరంజిలో బుడగ

వార్డులో నర్సులంతా ఆయన్ని బుడగ బాబాయి అంటారు. ఊపిరితో బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడు పోకపోతే రక్తంలో కరిగి ఆమ్లమవుతుంది. అదెంత ఉందో చెప్పే మిషను నడిపే టెక్నీషియను ఆయన. మణికట్టు దగ్గర తీసిన రక్తాన్ని సిరంజితో సహా వెలుతురుకేసి పట్టి, గోటితో కొట్టి, గాలి బుడగ ఉందేమోనని వెతుకుతాడు. తర్వాత రక్తం గడ్డకట్టకుండా అరచేతుల మధ్య దొర్లిస్తూ మిషను దాకా నడుస్తాడు. ఊరికే కూర్చున్నా చేతిలో పెన్ను దొర్లుతూనే ఉంటుంది.

ఆ ఉదయం ఆయన టీకి వెళ్లినప్పుడు కొత్త డాక్టరమ్మ తనే ఒక పేషెంటు రక్తం తీసి మిషనుకి పెట్టేసింది. ఆమ్లం తగ్గినట్టు అంకె వచ్చింది. పేషెంటు భార్యకి ఆ మాట చెప్పి, ఊపిరి మిషను మాస్కు తీయబోయింది. అప్పుడే తిరిగొచ్చిన బాబాయి ట్రేలోని సిరంజి ఎత్తి చూశాడు. పెసరగింజంత బుడగ.

"ఆగండి మేడమ్. రక్తంలో గ్యాసు కాస్తా ఈ బుడగలోకి జారుకుంది. మళ్లీ తీద్దాం."

రెండోసారి ఆమ్లం ఎక్కువే వచ్చింది. మాస్కు మొహం మీదే ఉండిపోయింది. పేషెంటు భార్య ఆయన వెనకే వరండా దాకా వచ్చింది.

"అన్నయ్యా, మొదటి అంకే బాగుంది కదా. అదే ఉంచెయ్యకూడదా?"

అరచేతుల్లో సిరంజి దొర్లడం ఆగింది.

"అది బుడగదమ్మా. మీ ఆయనది కాదు."