ఆ ఫోటోలో ఉన్నది మామూలు కొంగే

పెర్త్‌లో ఎండాకాలం పోయి తొలి వాన పడితే మా వీధి చివరి కాలువలోంచి బురద వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, గ్రేస్ ఆంటీ గుర్తొస్తారు. వెంటనే ఒళ్లు మండుతుంది. ఆవిడ మీద కాదు.

ఆంటీ భీమవరం కాలేజీలో జువాలజీ చెప్పి, ఎనభైల చివర్లో ఇక్కడికి వచ్చారు. ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింట్లో చేపల పులుసు, ఆపైన గోడకు కట్టిన దుప్పటి మీద మేం తీసిన పిట్టల స్లైడ్లు. "పేరు తర్వాత. ముందు ఏం కనిపిస్తోందో చెప్పు" అనేవారు. ముక్కూ రెక్కలూ చూడకుండా పేరు చెబితే స్లైడు తీసేసేవారు. కొల్లేటి కొంగలను చూస్తూ పెరిగిన మనిషి మరి.

మా ఇళ్ల వెనక రెల్లు పెరిగిన చిత్తడినేల ఉండేది. దాన్ని పూడ్చి ఇళ్లు కట్టిస్తామంది కౌన్సిల్. బిట్టర్న్ అనే అరుదైన కొంగ అక్కడ ఉందని తేలితే పని ఆగుతుంది. నేను తీసిన ఫోటోలో రెల్లు మధ్య మెడ నిటారుగా చాచి ఒక గోధుమరంగు చారల కొంగ ఉంది. ఆ నేలను కాపాడాలని మేం పెట్టుకున్న కమిటీకి పెద్ద రోజర్ ఎగిరి గంతేశాడు. కౌన్సిల్ సభలో ఆంటీ "ఇది బిట్టర్నే" అంటే చాలన్నాడు.

ఆ ఆదివారం వాళ్లింట్లో స్లైడు వేస్తే, ఆంటీ దుప్పటి దగ్గరికెళ్లి రెక్క మీద వేలు పెట్టారు. "ఇవేంటమ్మా?"

"తెల్ల చుక్కలు."

"బిట్టర్న్‌కి ఇలాంటి చుక్కలుండవు. మెడ పక్కన నల్లటి చార ఉండాలి, అదీ లేదు. ఇది నైట్ హెరాన్ పిల్ల. వెరీ కామన్."

"అలా అంటే మన స్వాంప్ పోతుంది ఆంటీ!"

"తెలుసే. అలాగని లేనిదాన్ని ఉందని ఎలా చెప్తాను?"

సభలో ఆవిడ ఆ మాటే చెప్పారు. తర్వాత గొంతు పెంచి, "మామూలు కొంగకి మాత్రం ఇల్లక్కర్లేదా?" అని అడిగారు. కొందరు నవ్వారు. అధ్యక్షుడు "థాంక్యూ మేడమ్" అని తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు.

ఆ వేసవిలోనే మట్టి లారీలు వచ్చాయి. రోజర్ ఆవిడతో మాట మానేశాడు. మన చర్చివాళ్లు కూడా "ఒక్క మాట అంటే ఆవిడ సొమ్మేం పోయింది?" అన్నారు. అబద్ధమాడనందుకు ఆవిడను తప్పు పట్టారు గాని, పూడ్చినవాళ్లను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. ఇదేం న్యాయం? ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడదు.

మొన్న వాన వెలిశాక కాలువ గట్టున ఒక కొంగ నిలబడి ఉంది. రెక్క నిండా తెల్ల చుక్కలు. పక్కింటాయన ఫోన్ తీసి, "రేర్ బర్డా?" అని అడిగాడు.

"కాదు, మామూలుదే" అన్నాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం అది ఎగిరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.