కిటికీలో పెట్టిన గిన్నె

మా అమ్మ చైనా మనిషి. ఈ మాట అనగానే తిరువూరులో ఎవరైనా సరే నా మొహంలోకి వంగి చూసి, "అవునవును, కళ్ళు చూస్తే తెలుస్తానే ఉంది" అంటారు. మొన్న బస్టాండులో ఒకావిడ కూడా అదే అంది. నా కళ్ళు అచ్చం మా నాయనమ్మవి. చెప్పినా ఎవరూ నమ్మరు, అందుకని చెప్పడం మానేశాను.

నిజానికి అమ్మ చైనా మొహం ఎప్పుడూ చూడలేదు. పుట్టిందీ పెరిగిందీ కలకత్తాలో. ముత్తాతల కాలంలో అక్కడికొచ్చి స్థిరపడిన కుటుంబం, సొంత బూట్ల దుకాణం. నాన్న మిలిటరీలో ఉండగా ఆ దుకాణానికి బూట్లు కొనడానికి వెళ్ళాడు. ఒక జత బూట్లు మనిషికి ఎన్నాళ్ళొస్తాయి చెప్పండి? ఆయనకి మాత్రం నెల తిరక్కుండానే అరిగిపోయేవట. చివరికి పెళ్ళి చేసుకుని, అమ్మని తెచ్చి తిరువూరులో దింపి, తను మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. అమ్మకి తెలుగు నేర్పింది నాయనమ్మే. అందుకే అమ్మ నన్ను తిట్టే తిట్లన్నీ నాయనమ్మవే, ఒక్కటీ కలకత్తా సరుకు కాదు.

అమ్మ పండగ క్రిస్మస్‌కి మూడు నాలుగు రోజుల ముందు వచ్చేది. ఏడాది మొత్తంలో పగలు బాగా చిన్నదైన రోజు అది. "ఇవాళ్టితో చీకటి పని అయిపోయింది, రేపట్నుంచి వెలుగు పెరుగుద్ది" అనేది అమ్మ. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని, అల్లం వేసిన బెల్లప్పాకంలో బియ్యప్పిండి ఉండలు తినాలి. తిన్నవాళ్ళకి ఒక ఏడు వయసు పెరిగినట్టు లెక్క. తొందరగా పెద్దదాన్నైపోదామని నేను గిన్నెల మీద గిన్నెలు లాగించేదాన్ని. వయసు సంగతేమో గానీ ఒళ్ళు మాత్రం బాగానే పెరిగింది.

ఆ ఉండలకి కలకత్తాలో జిగురు బియ్యం వేరే దొరుకుతాయట. మన బజారులో ఎక్కడివి? కాపురానికొచ్చిన మొదటి ఏడు దుకాణంలో కొన్న బియ్యంతో చేస్తే, నీళ్ళలో పడీ పడగానే ఉండలన్నీ విడిపోయి జావైంది. అమ్మ పొయ్యి ముందు చతికిలబడిందట. అప్పుడు నాన్న వాళ్ళ నాన్న, మా తాతే దారి చూపించాడు. ఆయన పెనుగొలనులో పొలం కౌలుకి చేసేవాడు. "కొత్త బియ్యం వండితే ముద్దైపోతందని ఊరంతా ఏడుస్తారు గదమ్మా. నీకు కావాల్సింది ఆ ముద్దేగా!" అని, అప్పుడే నూర్చిన వడ్లు మర పట్టించి తెచ్చి ఇచ్చాడు. ఇక చూసుకోండి. అమ్మ ఆ బియ్యం నానబోసి, దంచి, జల్లించి, వేణ్ణీళ్ళతో కలిపి, లోపల నువ్వుల చిమ్మిలి పెట్టి గుండ్రంగా చుట్టేది. ఒక్కటంటే ఒక్కటి పగిలేది కాదు. నేనిప్పటికీ చేస్తాను, సగం పగులుతాయి. ఆ చేతులు ఆవిడకే ఇచ్చాడు దేవుడు.

అంతా బాగానే ఉంది గానీ, గొడవల్లా మొదటి గిన్నెతోనే. నేను కడుపులో ఉండగా కలకత్తాలో అమ్మ వాళ్ళ నాన్న పోయాడు. నెలలు నిండిన మనిషి అంత దూరం రైల్లో వెళ్ళే వీల్లేక అమ్మ కడసారి చూపుకి నోచుకోలేదు. ఆ ఏటి నుంచి, ఉండలు ఉడకగానే మొదటి గిన్నె ఆయన వాటాగా తీసి వంటగది కిటికీలో పెట్టేది. అది వాళ్ళ ఆచారం.

నాయనమ్మ సంగతి చెప్పాలి. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడ. ప్రార్థన ఎత్తుకుంటే ఫ్యాను తిరగడం కూడా వినపడనిచ్చేది కాదు. పక్కింటివాళ్ళు ప్రసాదం తెచ్చినా దణ్ణం పెట్టి తిప్పి పంపే మనిషి. ఆవిడ ఊరుకుంటుందా? "చచ్చిపోయినోళ్ళ ముందు పెట్టింది విగ్రహార్పితంతో సమానం. ఆ గిన్నెలోదే కాదు, ఆ కుండలోదీ నేను ముట్టను" అని మంచం మీద అటు తిరిగి కూర్చునేది.

అమ్మ ఎదురు చెప్పేది కాదు. అలాగని కిటికీలో పెట్టడం మానేదీ కాదు. నాయనమ్మ వాటా గిన్నె తీసుకెళ్ళి మంచం పక్కన స్టూలు మీద పెట్టి, "అత్తయ్య గారూ, ఇది మీదండీ" అని వచ్చేసేది. అది అక్కడే చల్లారిపోయేది. కిటికీలో గిన్నె ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు పంచుకు తినడం అమ్మ వాళ్ళ పద్ధతి. కానీ అత్తగారి మాటకి విలువిచ్చి, మాకు పెట్టకుండా, తనూ తినకుండా, పెరట్లో కరివేపాకు మొదట్లో పోసేసేది. ఇంట్లో ఒక్కళ్ళు తినకపోయినా పండగ అయినట్టు కాదని అమ్మ నమ్మకం. ఆ లెక్కన నాకు ఊహ తెలిశాక మా ఇంట్లో ఆ పండగ ఒక్కసారీ అవ్వలేదు. అయినా మళ్ళీ ఏడు అదే స్టూలు మీద, అదే నవ్వుమొహంతో గిన్నె పెట్టేది. నాకైతే ఒళ్ళు మండేది. అమ్మకి మాత్రం కోపం రాగా నేను చూడలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా, దసరా సెలవుల్లో తాత పోయాడు. ఆయన వేసిన పంట ఆయన లేకుండానే కోతకొచ్చింది. అప్పటికి మిలిటరీ నుంచి వచ్చేసిన నాన్నే వెళ్ళి కోయించాడు. ఆ ఏడు మా ఇంటి మీద క్రిస్మస్ స్టారు కట్టలేదు, కొత్త బట్టలు లేవు. డిసెంబరులో సమాజం ఆడవాళ్ళు నాయనమ్మని పలకరించడానికి వచ్చారు. వెళ్తూ వెళ్తూ ఒకావిడ, "ఈ ఏడన్నా మీ కోడలు ఆ కిటికీ పని మానుద్దా అమ్మగారూ? చర్చిలో అందరూ మీ గురించే అనుకుంటన్నారు" అంది. నాయనమ్మ తల వంచుకుంది. ఆవిడ తల వంచడం నేను చూడటం అదే మొదటిసారి. లోపల అమ్మ కూడా విన్నది. ఇక ఈ ఏడు పండగ లేనట్టే అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా అల్లం వాసన. కిటికీలో ఒకటి కాదు, రెండు గిన్నెలున్నాయి. నాయనమ్మ మంచం దిగి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది.

"రెండోది ఎవరికి?"

"మామయ్య గారికండీ."

"చచ్చిపోయినోళ్ళు వచ్చి తింటారా?"

"రారండీ. నాకూ తెలుసు. కానీ ఇవి ఆయన పండించిన బియ్యం. అందరికీ తీసి ఆయనకి తియ్యకుండా ఉండటం నా వల్ల కాలేదు."

నాయనమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. విసిరి కొడుతుందేమోనని నేను తలుపు పట్టుకున్నాను. ఆవిడ తాత గిన్నెలోకి తొంగి చూసి, "ఇన్ని ఉండలేశావేంటి? ఆయనకి పళ్ళేవీ?" అంది. గిన్నె తీసుకుని పీట మీద కూర్చుంది. చెంచా ముంచింది.

అమ్మ కంగారు పడింది. "అత్తయ్య గారూ, అది కిటికీలోదండీ. మీది ఇక్కడ వేరే ఉంది." ఎన్నేళ్ళుగానో ఎదురు చూసిన మనిషి, ఆ ఒక్క క్షణం నోరు మూసుకుంటే పోయేది. మూసుకోలేదు. అందుకే మా అమ్మంటే నాకంత గొప్ప.

"తెలుసులేవే. కళ్ళు కనపడక తీశాననుకున్నావా? పెళ్ళైన కాణ్ణుంచి ఆయన తిన్న కంచంలోనే తిన్నాను. విగ్రహాల ముందు పెట్టింది తినొద్దన్నారు గానీ, మొగుడి ముందు పెట్టింది తినొద్దని ఏ వాక్యంలోనూ లేదు. ఉంటే తెచ్చి చూపించమను ఆ సమాజం వాళ్ళని!"

గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, కిటికీలో మిగిలిన గిన్నె వైపు చూసింది. "మరి దాన్నేం చేస్తావు?"

"ఎప్పటిలాగే... కరివేపాకు మొదట్లో..."

"మీ నాన్న వాటా మట్టిపాలు చేస్తావా? సిగ్గు లేదటే! కూర్చో. తిను."

అమ్మ కూర్చుంది. వాళ్ళ నాన్న పోయాడన్న కబురు తెలిసినప్పుడు కూడా ఒకరి ముందు కన్నీరు పెట్టలేదంటారు. అలాంటిది ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మొదటి ఉండ నోట్లో వేసుకుని భోరున ఏడ్చింది. ఏడుస్తూనే మింగబోయింది, పొలమారింది. నాయనమ్మ గబుక్కున లేచి అమ్మ నడినెత్తి మీద అరచేత్తో తడుతూ, "మెల్లగా, మెల్లగా. మీ నాన్న తలుచుకుంటన్నాడే" అంది.