వీపు మీది గుడ్డ

ఇంకాస్త ఇటు జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే ఓపిక లేదు. ఇంట్లో అరిచి అరిచే నా గొంతు ఇట్లా అయింది.

మా ఇంటాయన నగరి ఊళ్లో ముప్పై అయిదేళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డాడు. ఆ చప్పుడు ఆయన చెవుల్ని తినేసింది. అక్కడ మా వీధిలో అందరూ మగ్గాల వాళ్లే, అదేం వింత కాదు. ఎవరితోనైనా పని పడితే ఎదురుగా వచ్చి భుజం తట్టేవాళ్లం, అంతే. మగ్గాలు అమ్మేసి తిరుపతిలో మా కూతురింటికి చేరాక, చక్కెర జబ్బుకు రోజూ నడవమన్నాడు డాక్టరు. మా పేట చివర నడిచేవాళ్లకూ సైకిళ్లకూ కలిపి ఒక బాట వేశారు. పొద్దున్నే ఆయన ఆ కొసకూ ఈ కొసకూ తిరిగేవాడు. మోకాళ్ల నొప్పితో నేను బెంచీ మీద కూర్చునేదాన్ని. ఇంట్లో ఎవరు ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియదు. ఆ గంటసేపు మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేని మనిషి.

సైకిళ్ల వాళ్లు గుంపుగా వెనక నుంచి వచ్చి బెల్లు కొట్టేవాళ్లు. వినపడితే కదా ఆయన తప్పుకునేది!

"ఓ పెద్దాయనా! బాట మీ నాయన ఏసినాడా?"

"చెవుడేమోప్పా."

"చెవుడైతే ఇంట్లో కూసోమను. ఈడికెందుకు వచ్చేది?"

ఒకరోజు హ్యాండిల్ తగిలి ఆయన మోచెయ్యి గీరుకుపోయింది.

"ఏమన్నాడు మే వాడు?" అని నన్ను అడిగాడు. 'చూసుకుని పొమ్మన్నాడు' అని చేతులతో చెప్పాను. ఆ తిట్లన్నీ నేనే దిగమింగాను.

నేను చదివింది మూడో తరగతి. ఆ మధ్యాహ్నమే పాత దుప్పటి ముక్క మీద ఎర్రదారంతో కుట్టాను: 'చెవులు వినపడవు. మెల్లగా పోండి.' బాట దగ్గర ఆయన వీపున దుమ్ము దులిపినట్టు చేసి పిన్నీసులతో తగిలించేదాన్ని. ఇంటి సందులో అట్లాగే తీసేసేదాన్ని. ఆయనకు చెప్పలేదు. చెబితే వద్దంటాడని భయం.

వారం తిరిగేసరికి ఆయన ముఖమే మారిపోయింది.

"సూడు మే, ఈ ఊరోళ్లు ఎంత మంచోళ్లయిపోయినారో! మెల్లగా పోతాండారు. ఒకాయనైతే సైకిలు దిగి నడిపించుకోని పోయినాడు."

నేను తల ఊపాను.

ఆ సైకిలు దిగినాయనే మర్నాడు నా బెంచీ ముందరే మా ఇంటాయనకు ఎదురుగా వచ్చి, నమస్కారం పెట్టి, ఫోను చూపించాడు. వెనక నుంచి తీసిన మా ఇంటాయన వీపు ఫొటో.

"మా నాయనకీ ఇట్లాంటిది కుట్టించాల. ఎవురు కుట్టినారు?"

మర్యాదగానే అడిగాడు, పాపం. ఆయనకు ఆ మాట వినపడలేదు, ఫొటో కనపడింది. ఆ వంకర అక్షరాలు ఎవరివో వేరే చెప్పాలా? చెయ్యి వెనక్కి పెట్టి లాగాడు. చొక్కా చిరిగింది. ఆ గుడ్డను కొత్త చీర మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి నా ఒళ్లో ఉంచాడు.

"మంచోళ్లయినారని అనుకుంటినే," అన్నాడు.

మళ్లీ ఆ బాట తొక్కలేదు. ఇప్పుడు డాబా మీద, ఆరేసిన బట్టల కింద తల వంచుకుని తిరుగుతాడు. కింద వీధిలో సైకిలు బెల్లు మోగితే ఉలిక్కిపడేది నేనే.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి పెద్దల వెనక వచ్చేవాళ్లు, ఏ గుడ్డా చదవకుండానే మెల్లగా రావాలి.